జర్మన్ కళాకారుల వర్క్‌లు దేశం దాటాలంటే: వస్తువు పంపాలా, ఫైలు పంపాలా, సూచనలు పంపాలా?

అడిగింది ఇదీ: లైప్‌జిగ్‌లో ఒక ఫొటో కళాకారిణి స్టూడియోలో మీరు కొత్తగా చేరారు. ఆమెవి పన్నెండు పెద్ద ఫొటోలు, ఒక వీడియో ఇన్‌స్టలేషన్ వచ్చే చలికాలం హైదరాబాద్‌లో, ఆ తర్వాత ఆఫ్రికాలో ఇంకో నగరంలో పెట్టాలి. రవాణా సంస్థ ఇచ్చిన అంచనా స్టూడియో బడ్జెట్‌ను మించిపోయింది. ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఏ కాగితాలు కావాలి, దారిలో ఏం చెడిపోతుంది అన్నది మీ ప్రశ్న.

రవాణా సంస్థతో బేరం మొదలుపెట్టకముందే, ఒక్కో వర్క్‌ను పక్కన పెట్టుకుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. సరిహద్దు దాటాల్సింది ఆ వస్తువా, దాని ఫైలా, లేక దాన్ని అక్కడ ఎలా కట్టాలో చెప్పే సూచనలా? ఖర్చు, కస్టమ్స్, బీమా, దెబ్బతినే ప్రమాదం అన్నీ ఈ ఒక్క జవాబును బట్టే మారతాయి. చాలా స్టూడియోలు దీన్ని వదిలేసి నేరుగా పెట్టెల కొలతల్లోకి దిగుతాయి, అందుకే అంచనా చూసి బెదిరిపోతాయి.

విదేశాల్లో తరచూ కనిపించే జర్మన్ కళాకారులందరిదీ ఒకే దారి కాదు. వుల్ఫ్‌గాంగ్ టిల్‌మాన్స్ తన ప్రింట్లలో చాలావాటిని ఫ్రేమ్ లేకుండా, టేపుతో అంటించో బైండర్ క్లిప్పులతో మేకులకు తగిలించో పెడతారు. ఆయన 'ఫ్రాజైల్' ప్రదర్శన 2018లో కిన్షాసాలో మొదలై నైరోబీ, జొహానెస్‌బర్గ్, అడిస్ అబాబా, యౌందే, అక్రా, అబిజాన్ తిరిగి 2022లో లాగోస్ చేరింది. ఇన్ని ఊళ్లు తిరగాల్సిన ప్రదర్శనకు కాగితం, క్లిప్పు ఎంత కలిసొస్తాయో ఊహించుకోవచ్చు. ఆండ్రియాస్ గుర్‌స్కీ పెద్ద ఫొటోలు దీనికి పూర్తిగా వేరు. ప్రింటును అక్రిలిక్ షీటు వెనక సిలికోన్‌తో అతికించే డయాసెక్ పద్ధతిలో చేసినవి కాబట్టి ఆ వస్తువే వెళ్లాలి, దానికి తగ్గ పెట్టె వెళ్లాలి. హితో స్టేయెర్ల్ 'ఫ్యాక్టరీ ఆఫ్ ది సన్' 2015లో వెనిస్ బినాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో, జర్మనీ తరఫు భవనమైన జర్మన్ పెవిలియన్‌లో పెట్టిన వీడియో. వెలిగే నీలి గళ్ల గది, పడక కుర్చీలు అందులో భాగం. అలాంటి గదిని ఎక్కడికక్కడ కొలతలను బట్టి కట్టుకోవచ్చు, దాటాల్సింది ఫైలూ ప్లానూ మాత్రమే. ఇక వెనిస్‌లోనే హాన్స్ హాకే 1993లో పెవిలియన్ నేలను పగలగొట్టారు, మరియా ఐక్‌హోర్న్ 2022లో పునాదులు తవ్వించి గోడల పూత ఒలిపించారు. ఆ రెండు కృతులూ ఆ భవనంతోనే ముడిపడ్డవి, ఏ పెట్టెలోనూ పట్టవు.

మీ ఫొటోలకు వద్దాం. ప్రింటు పొడవు 180, ఎత్తు 120 సెంటీమీటర్లు, అక్రిలిక్ మౌంటు, అల్యూమినియం వెన్ను అనుకుందాం. దానికి తగిన ఒంటి పెట్టె బయటి కొలతలు సుమారు 210 × 35 × 150 సెంటీమీటర్లు. విమాన రవాణాలో ఛార్జీ వేసేది ఘనపరిమాణపు బరువు మీద. మూడు కొలతలూ గుణించి 6000తో భాగించాలి. దీనికి 184 కిలోలు వస్తుంది. పెట్టె నిజం బరువు 90 కిలోలే అయినా డబ్బు 184కే కట్టాలి. అదే ఫొటోను మౌంటుకు అతికించని ఉత్త ప్రింటుగా పెద్ద గొట్టానికి చుట్టి 160 × 25 × 25 పెట్టెలో పంపితే 17 కిలోలు. పైగా మూడు నాలుగు ప్రింట్లు ఒకే గొట్టానికి చుట్టుకోవచ్చు. ఎత్తు కూడా గుర్తుంచుకోండి. ప్రయాణికుల విమానం కింది అరలో సుమారు 160 సెంటీమీటర్లు దాటింది పట్టదు, కార్గో విమానమే కావాలి. కాళ్లతో కలిపి 158 ఉన్న పెట్టె కూడా ప్యాలెట్ మీద పెట్టేసరికి ఆ హద్దు దాటిపోతుంది. అందుకే పెట్టె గీయించేటప్పుడే 150 దగ్గర ఆపమంటాను.

చుట్టి పంపే ప్రింట్ల విషయంలో జరిగే తప్పు, సన్నటి పోస్టల్ ట్యూబు లోపలికి దూర్చడం. అంచులు నలుగుతాయి, తీసేటప్పుడు గీతలు పడతాయి. కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గట్టి గొట్టం బయటివైపు చుట్టి, మధ్యలో ఆమ్లం లేని కాగితం వేసి, పైన పాలిథిన్ కప్పి, ఆ గొట్టాన్ని రెండు చివర్లా ఆనించి పెట్టెలో గాల్లో వేలాడేలా బిగించాలి. చేరాక విప్పి రెండు రోజులు బల్లపరుపుగా ఉంచితేగానీ ఒంపు పోదు. వేలాడదీసే రోజు ఉదయం విప్పుదాం అనుకుంటే కుదరదు.

ఇంకా తక్కువలో పోవాలంటే అక్కడే ప్రింటు తీయించండి. దీన్ని ఎగ్జిబిషన్ కాపీ అంటారు. ఇది ఎడిషన్‌లో, అంటే కళాకారిణి ఇన్నే అని లెక్క కట్టి తీసే ప్రింట్లలో, లెక్కకు రాదు, అమ్మకానికి కాదు, ప్రదర్శన అయ్యాక చింపేయాలి. కళాకారిణి ఒప్పుకుంటే హైదరాబాద్ వరకు కస్టమ్స్ గొడవ ఫొటోలకు ఉండదు. కానీ 'ఫైలు పంపాం, వాళ్లు తీస్తారు' అని వదిలేస్తే ఆమె పేరు మీద ఇంకెవరి రంగులో గోడకెక్కుతాయి. వరస ఇలా పెట్టుకోండి. ఆ ల్యాబు వాడే ప్రింటర్‌కు, కాగితానికి ఐసీసీ ప్రొఫైల్, అంటే వాటి మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు, తెప్పించుకోండి. హానెముహ్లే ఫొటో రాగ్ 308 గ్రాముల కాగితం భారత్‌లోనూ దొరుకుతుంది, రెండు చోట్లా అదే వాడితే సగం తేడా పోతుంది. ప్రతి ఫొటోలో కష్టమైన భాగం, అంటే ముదురు నీడ, ఒంటి రంగు, లేత ఆకాశం, 20 సెంటీమీటర్ల పట్టీగా అసలు సైజులో తీయించి కొరియర్‌లో తెప్పించండి. స్టూడియోలో 5000 కెల్విన్ వెలుతురు కింద అసలు ప్రింటు పక్కన పెట్టి చూడండి. సరిపడితే ఆ పట్టీ మీదే ఆమె సంతకం చేసి వెనక్కి పంపాలి, ల్యాబు దానికే కట్టుబడాలి. మామూలుగా రెండు రౌండ్లు పడుతుంది. ఒప్పందంలో మాత్రం ఈ మూడూ తప్పక రాయించండి: ప్రదర్శన ముగిసిన 14 రోజుల్లోపు చింపేయడం, చింపిన ముక్కల ఫొటోలు పంపడం, ల్యాబులో ఫైలు తొలగించినట్టు లిఖితపూర్వకంగా చెప్పడం.

డయాసెక్ వాటిని మాత్రం వస్తువుగానే పంపాలి. వాటిని చెడగొట్టేది ముఖ్యంగా వేడి. అక్రిలిక్ మీటరుకు, ఒక డిగ్రీకి 0.07 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. 2 మీటర్ల ఫొటో 20 నుంచి 40 డిగ్రీలకు పోతే అక్రిలిక్ 2.8 మిల్లీమీటర్లు సాగుతుంది, వెనకున్న అల్యూమినియం ఒక మిల్లీమీటరు దాకానే. ఈ తేడాకు మొత్తం విల్లులా వంగుతుంది, అంచుల్లో సిలికోన్ ఊడి వెండిరంగు మచ్చలా కనబడుతుంది. అది బాగుకాదు, మళ్లీ ప్రింటు తీసి మళ్లీ అతికించాల్సిందే. ఓడ కంటైనర్లో ఎండకు మగ్గే ప్రయాణం వీటికి వద్దనడానికి కారణం ఇదే. హైదరాబాద్‌కు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మంచిది. మే నెలలో రన్‌వే పక్కన పెట్టె ఒక గంట ఉన్నా చాలు. ముఖం మీద బబుల్ ర్యాప్ నేరుగా తగలకూడదు, బుడగల గుర్తులు పడతాయి. ప్రతి వర్క్ ట్రావెల్ ఫ్రేమ్‌లో బిగించి, ముఖానికి ఏదీ తాకకుండా 3 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. శుభ్రం చేయడానికి గాజు తుడిచే అమోనియా ద్రావణం వాడితే అక్రిలిక్ పాడవుతుంది. అక్కడి సిబ్బందికి ఇది చెప్పడం కాదు, పెట్టె మూత లోపలి వైపు రాసి అంటించండి.

పెట్టె చెక్కకు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, చెక్కతో పాటు పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నిబంధన అది. దుంగ చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేసినట్టు అది చెబుతుంది. ప్లైవుడ్‌కు ఈ నిబంధన లేదు, కానీ ప్లైవుడ్ పెట్టెకు కింద కొట్టిన బద్దలు దుంగ చెక్కవైతే వాటికి ముద్ర కావాలి. పెట్టె అంతా సరిగా చేసి, ఎత్తు కోసం చివర్లో స్టూడియోలో పడున్న రెండు బద్దలు బిగించడం వల్ల రేవులోనో విమానాశ్రయంలోనో ఆగిపోయే సరుకు చాలా ఉంటుంది. మూతకు మేకులు, స్క్రూలు కాదు, బోల్టులు పెట్టించండి. రెండు ఊళ్ల పర్యటనలో మూత ఎన్నోసార్లు తెరిచి మూస్తారు, స్క్రూ రంధ్రం నాలుగోసారికే వదులవుతుంది. సర్దిన క్రమం ఫొటో మూత లోపల అంటించండి. చేరాక పెట్టెను తెరవకుండా గ్యాలరీలోనే 24 గంటలు ఉంచాలి. చల్లటి వస్తువు మీద తేమ గాలి తగిలితే నీరు చేరుతుంది. మ్యూజియంలు ఇప్పుడు 16 నుంచి 25 డిగ్రీలు, 40 నుంచి 60 శాతం తేమ వరకు ఒప్పుకుంటున్నాయి. ఇరవై నాలుగు గంటలూ ఒకే అంకె పట్టుకోమని అడగకండి, రాత్రి ఏసీ ఆపరు అన్న హామీ తీసుకోండి. రోజూ పగలు ఏసీ చలి, రాత్రి వేడి అనే ఊగిసలాటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇంకో విషయం జర్మనీ వైపుది. స్టూడియో 'నోన్ కన్‌సైనర్'గా, అంటే విమాన భద్రతా అధికారులు ముందే ఆమోదించిన సరుకు పంపేవారిగా, నమోదై ఉండదు కాబట్టి విమాన భద్రతా తనిఖీ తప్పదు. ఎక్స్‌రేలో పట్టని పెద్ద పెట్టెను విప్పి చూసే అవకాశం ఉంది, కళాకృతులు పట్టుకోవడం తెలియని చేతులతో. నమోదున్న కళా రవాణా సంస్థ తన గోదాములోనే సర్దించి సీలు వేస్తే ఈ గండం గడుస్తుంది. ఖర్చు తగ్గించుకునే చోటు ఇది కాదు.

కస్టమ్స్‌కు వస్తే, భారత్‌కు ఏటీఏ కార్నెట్ దారి ఉంది, అంటే వస్తువులను సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి తిరిగి తెచ్చుకునే కస్టమ్స్ పత్రం. జర్మనీలో మీ ఊరి ఐహెచ్‌కే (వాణిజ్య మండలి) ఇస్తుంది, భారత్‌లో హామీదారు వాణిజ్య మండళ్ల సమాఖ్య ఫిక్కీ. ఏడాది చెల్లుతుంది. పసుపు కాగితాలు జర్మనీ నుంచి పోయేందుకు, తిరిగొచ్చేందుకు. తెల్లవి భారత్‌లోకి, బయటికి. నీలివి మధ్య దేశం దాటేందుకు. అమ్మే సరుకు, అక్కడే ఖర్చయ్యే సామాను, కానుకలు, కేటలాగులు ఇందులో రాయకూడదు. జాబితా ఒకసారి ముద్ర పడ్డాక ఒక్క వస్తువు కూడా చేర్చలేరు. బయల్దేరే ముందు రోజు 'ఇంకో ప్రొజెక్టర్ కూడా పెడదాం' అంటే అది వేరే కాగితం మీద పోవాల్సిందే. ఎక్కువమంది పడే గొయ్యి ఇంకోటుంది. కార్నెట్ ఏడాది చెల్లినా, భారత కస్టమ్స్ అధికారి తెల్ల కాగితం కౌంటర్‌ఫాయిల్ మీద రాసిన తిరుగు తేదీ అంతకంటే ముందుంటుంది. చెల్లేది ఆ తేదీయే. ప్రదర్శన పొడిగిస్తే ముందుగా అక్కడి కస్టమ్స్‌లోనే పొడిగింపు అడగాలి. ఆఫ్రికాలో చాలా దేశాలు కార్నెట్ ఒప్పుకోవు. రెండో ఊరు ఏ దేశంలో అన్నది తేలకుండా పర్యటన వరస ఖాయం చేయొద్దు. కార్నెట్ లేని దేశానికి తాత్కాలిక దిగుమతి బాండు కడతారు, ఆ డబ్బు నెలల తరబడి ఇరుక్కుంటుంది. కాబట్టి ఆ ఊరికి ఎగ్జిబిషన్ కాపీల సెట్టు వేరే తీయించడమే మేలని నా సలహా.

కార్నెట్ జాబితా, ప్రోఫార్మా ఇన్‌వాయిస్ (కస్టమ్స్‌కు సరుకు విలువ చూపే బిల్లు), బీమా జాబితా ఈ మూడింట్లో పేరు, కొలత, విలువ ఒక్కటిగా ఉండాలి. బీమాకు 12,000 యూరోలు, కస్టమ్స్‌కు 800 యూరోలు అని రాసేవాళ్లున్నారు. పోగొట్టుకున్న రోజు బీమా వాళ్లు ఆ 800 కాగితమే ముందు పెడతారు. కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే కోడ్ విషయంలో కూడా జాగ్రత్త: పెయింటింగ్ 9701, శిల్పం 9703, ఫొటోలు మాత్రం కళాకృతుల అధ్యాయంలో కాకుండా 4911లో పడతాయి.

నగ్న చిత్రాలుంటే ముందే చెప్పుకోవడం మంచిది. అశ్లీల వస్తువుల దిగుమతిని ఆపే 1964 నాటి నోటిఫికేషన్ ఇంకా అమల్లో ఉంది. దాన్ని పట్టుకునే ముంబయి కస్టమ్స్ ఎఫ్.ఎన్. సూజా, అక్బర్ పదంసీల బొమ్మలు ఆపేసింది. 2024 అక్టోబరులో బాంబే హైకోర్టు నగ్నత్వం అంతా అశ్లీలం కాదని చెప్పి వాటిని వదిలేయమంది. మీ దగ్గర అలాంటి ఫొటో ఉంటే ఆ తీర్పు కాపీ, కళాకారిణి ప్రదర్శనల చరిత్ర, పిలిచిన సంస్థ లేఖ కస్టమ్స్ బ్రోకర్ ఫైల్లో ముందే పెట్టించండి. ఇన్‌స్టలేషన్‌లో ఈకలు, గవ్వలు, తోలు, విత్తనాలు ఉంటే ఇంకో చిక్కు. రెబెకా హోర్న్ పక్షి ఈకలతో, మోటార్లతో యంత్రాలు చేశారు. అలాంటివాటికి ఏ జాతి ఈకో తెలియకుండా సైటిస్ (అంతరించే జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) కాగితం ఎవరూ ఇవ్వరు. నెమలి ఈకల ఎగుమతిని భారత్ నిషేధించింది, లోపలికి తెచ్చినవి బయటికి తీసుకెళ్లడం కష్టమవుతుంది. వుల్ఫ్‌గాంగ్ లైబ్ 2013లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం మోమాలో పరిచిన హేజెల్ పుప్పొడి లాంటి పదార్థమైతే మొక్కల క్వారంటైన్ వాళ్లను అడిగాకే తారీఖు ప్రకటించాలి.

బీమా 'మేకు నుంచి మేకు దాకా' ఉండాలి. అంటే స్టూడియో గోడ మీంచి తీసిన క్షణం నుంచి తిరిగి అదే గోడకు ఎక్కేదాకా. రవాణా సంస్థ బాధ్యతను నమ్ముకోవద్దు. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విమాన సరుకుకు కిలోకు 26 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్) వరకే. 90 కిలోల పెట్టెకు 2,340 ఎస్‌డీఆర్, లోపల ఫొటో ఖరీదెంతైనా సరే. పాలసీలో విలువ తగ్గుదలకు కూడా పరిహారం ఉందా చూడండి. మూల గీరుకుపోతే బాగుచేసే ఖర్చు కొద్దిగానే, అమ్మకపు విలువ మాత్రం సగం పడిపోవచ్చు. కండిషన్ రిపోర్టు, అంటే వర్క్ ఏ స్థితిలో ఉందో రాసే నివేదిక, సర్దినప్పుడు, చేరినప్పుడు, దించినప్పుడు, తిరిగొచ్చినప్పుడు నాలుగుసార్లు రాయాలి. టార్చి లైటు పక్కనుంచి ఏటవాలుగా కొట్టి చూడండి. ఎదురుగా చూస్తే గీత కనబడదు.

వీడియో అన్నింటికంటే తేలిగ్గా దాటుతుంది, అన్నింటికంటే అధ్వాన్నంగా ఆడుతుంది. జర్మనీలో లాగే భారత్‌లో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కరెంటు వల్ల తేడా రాదు. కానీ జర్మన్ ప్లగ్గు మన సాకెట్లో పిన్నులు దూరినా ఎర్త్ తగలదు, సరైన అడాప్టర్ పెట్టించాలి. ఫైలు 25 ఫ్రేములదైతే ప్లేయర్ అవుట్‌పుట్ 50 హెర్ట్జ్‌కు మార్చండి, 60లో వదిలేస్తే కెమెరా పక్కకు కదిలిన ప్రతిచోటా బొమ్మ కుదుపుతుంది. ల్యాప్‌టాప్‌తో ఆడించొద్దు. కరెంటు పోయి వచ్చాక తనంతట తానే మొదలయ్యే మీడియా ప్లేయర్ పెట్టి, ప్రొజెక్టర్లో కరెంటు రాగానే వెలిగే సెట్టింగు ఆన్ చేసి, రెంటికీ యూపీఎస్ ఇవ్వండి. ఆదివారం గ్యాలరీలో కాపలాదారు ఒక్కడే ఉంటాడు.

సబ్‌టైటిళ్లు తెలుగులో కూడా వేయండి. హైదరాబాద్ ప్రేక్షకులకు ఇంగ్లిష్ చాలన్న మాటతో నేను ఏకీభవించను. జర్మన్ భాషా సంస్కృతుల కేంద్రమైన గోథే సెంట్రుమ్‌కు వచ్చేవాళ్లకు చాలొచ్చు, మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు పిల్లలతో వచ్చే కుటుంబానికి చాలదు. అయితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా లిపుల సెట్టింగులోకి మార్చకపోతే ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. లైప్‌జిగ్‌లో కూర్చున్న ఎడిటర్‌కు అది తప్పని తెలియదు. 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' అని టైపు చేసి చూడండి, మూడూ సరిగా వస్తే మిగతావీ వస్తాయి. ఒత్తులకు కింద చోటు కావాలి కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ కంటే ఎక్కువ పెట్టాలి. మీరు తెలుగువారు, ఈ పని ఇంకెవరికీ వదలకండి.

డబ్బు సంగతి. విదేశీ ప్రదర్శనలకు స్టుట్‌గార్ట్‌లోని ఇఫా, అంటే జర్మనీ విదేశీ సాంస్కృతిక సంబంధాల సంస్థ, సాయం చేస్తుంది. వెనిస్ జర్మన్ పెవిలియన్ బాధ్యత 1971 నుంచి దానిదే. పిలిచింది వాణిజ్య గ్యాలరీ అయితే ఆశ పెట్టుకోవద్దు. హైదరాబాద్‌లో గోథే సెంట్రుమ్, మిగతా పెద్ద నగరాల్లో మాక్స్ ముల్లర్ భవన్‌లు (గోథే ఇన్‌స్టిట్యూట్ శాఖలు) వేదిక, ప్రయాణం, అనువాదాల్లో కలిసిరావచ్చు. జర్మన్ ప్రభుత్వ డబ్బుకు ఒక మూల సూత్రం ఉంది: మంజూరు పత్రం రాకముందు పని మొదలుపెట్టకూడదు. రవాణా సంస్థతో ఒప్పందం మీద సంతకం పెట్టినా, టికెట్టు కొన్నా మొదలుపెట్టినట్టే లెక్క. ఆ ఖర్చు ఇవ్వరు, కొన్నిసార్లు దరఖాస్తు మొత్తం పోతుంది. కాబట్టి అంచనాలు తీసుకోండి, సంతకం ఆపండి. ఖర్చు పట్టిక, ఆదాయ పట్టిక ఒక్క యూరో తేడా లేకుండా సమానంగా తేలాలి. హైదరాబాద్ వాళ్లు ఇచ్చే హాలు, మనుషులు కూడా విలువ కట్టి చూపించవచ్చో లేదో ముందే అడగండి. మొత్తం మీద తొమ్మిది నెలల ముందు కదలాలి. వచ్చే చలికాలం అంటే ఇప్పుడే ఆలస్యం మొదలైనట్టు.

కళాకారిణి గౌరవ వేతనం మీద భారత్‌లో పన్ను కోస్తారు. జర్మన్ పన్నుల ఆఫీసు నుంచి నివాస ధ్రువపత్రం ముందే తీసుకుంటే రెండు దేశాల ఒప్పందం వర్తింపజేసుకోవచ్చు. పోస్టర్లకు, కేటలాగుకు బొమ్మలు వాడే హక్కు అరువు ఒప్పందంలో దానంతటది రాదు. ఆమె జర్మనీలో కళాకారుల హక్కులు చూసే వీజీ బిల్డ్-కున్‌స్ట్ సంస్థ సభ్యురాలైతే అక్కడి అనుమతి, ఫొటో కింద ఆ పేరు కావాలి.

తిరుగు ప్రయాణంలో అందరూ అలసిపోయి ఉంటారు, కాగితాల్లో తప్పులు అప్పుడే జరుగుతాయి. హైదరాబాద్‌లో తెల్ల రీఎక్స్‌పోర్ట్ కాగితం మీద ముద్ర పడిందో లేదో సరుకు విమానమెక్కక ముందే ఫొటో తెప్పించుకోండి. పడకపోతే వస్తువులు అక్కడే ఉండిపోయాయని లెక్క, కార్నెట్ గడువు ముగిశాక ఏడాది లోపు ఎప్పుడైనా సుంకం డిమాండు రావచ్చు. జర్మనీలో పసుపు రీఇంపోర్ట్ ముద్ర వేయించుకోండి, మొదటి ముద్ర లేనప్పుడు ఆదుకునే సాక్ష్యం అదే. పెట్టె స్టూడియో గుమ్మం దగ్గర దించగానే బయట దెబ్బ కనిపిస్తే డ్రైవర్ కాగితం మీద రాశాకే సంతకం పెట్టండి. విమాన సరుకు లోపల దెబ్బతింటే అందిన 14 రోజుల్లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కాబట్టి పెట్టెలు మూల పడేయకుండా 24 గంటలు ఆగి, అదే వారంలో విప్పి నాలుగో కండిషన్ రిపోర్టు రాసేయండి. కార్నెట్ కౌంటర్‌ఫాయిళ్లు, విమాన బిల్లు, రిపోర్టులు ఒకే ఫైల్లో రెండేళ్లు దాచండి.